సామాన్యుడి గుమ్మం ముందుకు కారు తెచ్చిన హెన్రీ ఫోర్డ్

అమెరికాలో, ముఖ్యంగా కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఇప్పటికీ ఏటా పాత కార్ల ప్రదర్శనలు జాతరల్లా జరుగుతుంటాయి. 1920లలో, 30లలో తయారైన బండ్లు వరసగా నిలబెట్టి ఉంటాయి. కొన్ని ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే మెరుస్తుంటాయి. మరికొన్నింటికి మడ్‌గార్డులు ఊడదీసి, పైకప్పు కోసి ఎత్తు తగ్గించి, అసలు ఇంజన్ తీసేసి వేరే పెద్ద ఇంజన్ బిగించి ఉంటుంది. ఈ రెండో రకం బండిని హాట్ రాడ్ అంటారు. సౌకర్యం చూస్తే నేటి చిన్న కారు ముందు కూడా అవి నిలబడవు. అయినా తాతలు మనవళ్లను వెంటబెట్టుకుని వచ్చి వాటిని చూపిస్తారు. తొంభై ఏళ్ల నాటి ఇనుముకు ఇంత ఆకర్షణ ఎక్కడిది? ఈ ప్రశ్నకు జవాబు కావాలంటే ఒక రైతు కొడుకు జీవితం తెలుసుకోవాలి. అతడే హెన్రీ ఫోర్డ్.

గొప్పవారి జీవితాలు రాసేటప్పుడు మంచి మాత్రమే రాసి, చివర దండం పెట్టడం మన సంచికల్లో అలవాటు. మేము అలా రాయదలచుకోలేదు. మేము కూడా హాస్టల్ గదుల్లో చదువుకుని పీజీ దాకా వచ్చినవాళ్లమే. మా ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మాదే. కాబట్టి ఈ మనిషి నుంచి ఏం తీసుకోవాలో, ఏం తీసుకోకూడదో రెండూ చెప్పుకోవడం మనకు అవసరం అనిపించింది.

బాల్యం

హెన్రీ ఫోర్డ్ 1863 జూలై 30న మిచిగాన్ రాష్ట్రంలో, డెట్రాయిట్ నగరానికి దగ్గరలో ఉన్న పల్లెలో జన్మించాడు. తండ్రి విలియం ఐర్లండ్ కరువు రోజుల్లో పొట్ట చేతపట్టుకుని వలస వచ్చిన కుటుంబంవాడు. కష్టపడి పొలం సంపాదించి నిలదొక్కుకున్నాడు. హెన్రీ చదివింది పల్లెబడిలో. ఆ చదువు కూడా ఎక్కువ కాలం సాగలేదు.

అతనికి పొలం పని ఇష్టం ఉండేది కాదు. గడియారం కనబడితే మాత్రం విప్పి చూడాలి. మేకును అరగదీసి స్క్రూ డ్రైవర్‌గా చేసుకుని ఇరుగుపొరుగు వాళ్ల గడియారాలు బాగుచేసేవాడని చెబుతారు. 1876లో తల్లి మేరీ కాన్పులో చనిపోయింది. అప్పటికి అతనికి 12 ఏళ్లు. అదే ఏడాది తండ్రితో బండిలో డెట్రాయిట్ వెళుతుంటే దారిలో ఒక ఆవిరి యంత్రం ఎదురైంది. గుర్రం లేకుండా తనంతట తాను నడుస్తూ వస్తోంది. హెన్రీ బండి దిగి పరుగెత్తి, ఆ యంత్రం నడిపేవాణ్ణి ప్రశ్నల మీద ప్రశ్నలు అడిగాడు. ఆ రోజును అతడు జీవితాంతం మరిచిపోలేదు.

డెట్రాయిట్ నగరంలో

16 ఏళ్ల వయసులో, 1879లో, ఇల్లు వదిలి డెట్రాయిట్ చేరి ఒక మెషిన్ షాపులో పని నేర్చుకునే కుర్రాడిగా కుదిరాడు. వారానికి రెండున్నర డాలర్ల జీతం. ఉండటానికి, తినడానికి అయ్యే ఖర్చు వారానికి మూడున్నర డాలర్లు. ఆ తేడా పూడ్చడానికి రాత్రిళ్లు ఒక నగల కొట్లో గడియారాలు బాగుచేశాడు. మెస్ బిల్లుకు స్కాలర్‌షిప్ చాలక పార్ట్‌టైమ్ పని చూసుకునే మన మిత్రులకు ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు.

కొన్నాళ్లు మళ్లీ ఊరికి వచ్చి ఆవిరి యంత్రాలు నడిపాడు. 1888లో క్లారాను పెళ్లి చేసుకున్నాడు. 1891లో భార్యాభర్తలిద్దరూ తిరిగి డెట్రాయిట్ వచ్చేశారు. ఎడిసన్ పేరు మీద నడిచే విద్యుత్ కంపెనీలో ఇంజనీరుగా ఉద్యోగం దొరికింది. పగలంతా ఉద్యోగం, రాత్రిళ్లు సొంత ప్రయోగాలు. 1893 చివర, క్రిస్మస్ ముందు రోజు రాత్రి, తాను చేసిన చిన్న ఇంజన్‌ను వంటింటి సింకు మీద బిగించాడు. పండగ వంటలో ఉన్న క్లారా చేతిపని ఆపి పెట్రోలు చుక్కలు చుక్కలుగా పోస్తే ఆ ఇంజన్ మొదటిసారి తిరిగింది. అప్పటికి వాళ్ల కొడుకు ఎడ్సెల్ నెలల పసిగుడ్డు. ఫోర్డ్ కథ చెప్పేటప్పుడు క్లారా పేరు వదిలేయకూడదని మా అభిప్రాయం.

1896 జూన్ 4 తెల్లవారుజామున అతని మొదటి బండి పూర్తయింది. నాలుగు సైకిల్ చక్రాలు, రెండు సిలిండర్ల ఇంజన్. వెనక్కి నడిచే గేరు లేదు. తీరా బయటికి తీద్దామంటే షెడ్డు తలుపు కంటే బండి వెడల్పు ఎక్కువగా ఉంది! ఫోర్డ్ గొడ్డలి తీసుకుని గోడ ఇటుకలు పగలగొట్టి బండిని వీధిలోకి నడిపించాడు.

రెండు ఓటములు

ఇక్కడి నుంచి అంతా విజయమే అనుకుంటే పొరపాటు. 1899లో డబ్బున్నవాళ్లు పెట్టుబడి పెట్టి పెట్టించిన మొదటి కంపెనీ 1901లో మూతబడింది. అదే ఏడాది పెట్టిన రెండో కంపెనీలో వాటాదారులతో పడక 1902లో బయటికి వచ్చేశాడు. అతడు వదిలేసిన ఆ కంపెనీయే తర్వాత కాడిలాక్ అనే ఖరీదైన కార్ల సంస్థగా మారింది.

ఈ ఓటముల మధ్య అతణ్ణి నిలబెట్టింది రేసు. 1901 అక్టోబర్‌లో తానే బండి నడిపి, అప్పటికే పేరున్న అలెగ్జాండర్ వింటన్ మీద గెలిచాడు. ఆ తర్వాత 999 అనే బండి తయారుచేశాడు. దానికి బాడీ లేదు, అలంకారం లేదు. పెద్ద ఇంజన్, నాలుగు చక్రాలు, కూర్చోవడానికి చోటు, అంతే. 1904 జనవరిలో గడ్డకట్టిన సరస్సు మంచు మీద అలాంటి బండినే గంటకు సుమారు 147 కిలోమీటర్ల వేగంతో నడిపి ఆనాటి ప్రపంచ రికార్డు సాధించాడు. అనవసరమైనదంతా తీసేసి వేగం సాధించడమే హాట్ రాడ్ సూత్రం. ఆ పేరు పుట్టడానికి నాలుగు దశాబ్దాల ముందే ఫోర్డ్ చేసింది అదే.

1903 జూన్ 16న ఫోర్డ్ మోటార్ కంపెనీ మొదలైంది. చేతిలో ఉన్న నగదు 28 వేల డాలర్లు. అప్పటికి అతని వయసు 40కి దగ్గర.

మోడల్ టి

ఆ రోజుల్లో కారు ధనవంతుల ఆటవస్తువు. మిగతా కంపెనీలు చాలావరకు వారి కోసమే తయారుచేసేవి. ఫోర్డ్ రైతును, కూలీని దృష్టిలో పెట్టుకున్నాడు. 1908 అక్టోబర్ 1న మోడల్ టి వచ్చింది. నాలుగు సిలిండర్లు, 20 హార్స్ పవర్. వెనేడియం కలిపిన గట్టి ఉక్కు వాడటం వల్ల బండి తేలికగా ఉండేది, తొందరగా విరిగేది కాదు. అప్పటి పల్లె దారుల్లో, బురదలో, గుంటల్లో నడవడానికి వీలుగా నేలకు ఎత్తుగా కట్టారు.

అయితే మోడల్ టి గొప్పతనం మరొకటి ఉంది. దాన్ని ఎవరైనా విప్పవచ్చు. నాలుగు పానాలు, ఒక సుత్తి ఉంటే రైతే తన బండి బాగుచేసుకోగలడు. విడిభాగాలు చవకగా దొరికేవి. కొందరు రైతులు వెనక చక్రం పైకెత్తి, దానికి బెల్టు తగిలించి ధాన్యం ఆడించారు, కట్టెలు కోశారు, నీళ్లు తోడారు. ఒక్క ఆయిల్ ఇంజన్‌తో పది పనులు చేయించిన మన ఊరి మెకానిక్కుల్ని చూసినవాళ్లకు ఇది బాగా అర్థమవుతుంది. బండి కొన్నవాడు దానికి యజమానే కాదు, దాని రహస్యం తెలిసినవాడు కూడా. పాత అమెరికన్ కార్ల ఆకర్షణకు మూలం ఇక్కడే ఉంది.

1908లో దాని ధర 825 డాలర్లు. రోజుకు రెండున్నర డాలర్లలోపు సంపాదించే మనిషి దాదాపు ఏడాది కూలి మొత్తం పోస్తే తప్ప కొనలేడు. ఈ ధర తగ్గించాలని 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టారు. మనిషి బండి దగ్గరికి పోవడం మాని, బండే మనిషి దగ్గరికి వచ్చేలా చేశారు. ఇది ఫోర్డ్ ఒక్కడి బుర్రలో పుట్టింది కాదు. షికాగో మాంసం ఫ్యాక్టరీల్లో కొక్కేలకు వేలాడుతూ కదిలే వరసను చూసి వచ్చినవారు, ఎందరో ఇంజనీర్లు, ఫోర్‌మన్లు కలిసి సాధించినది. ఛాసిస్ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టే పని 93 నిమిషాలకు దిగింది. 1925 నాటికి చౌక రకం మోడల్ టి ధర 260 డాలర్లు. రోజుకు 5 డాలర్ల కూలి లెక్కన అది 52 రోజుల సంపాదన. 1927లో ఆపేసే నాటికి కోటీ యాభై లక్షలకు పైగా బండ్లు తయారయ్యాయి.

అయిదు డాలర్ల కూలి

లైను మీద పని నరకంగా ఉండేది. రోజంతా ఒకే మర. ఒకడు బోల్టు పెడతాడు, ఇంకొకడు బిగిస్తాడు. భరించలేక కార్మికులు పారిపోయేవారు. 1913లో దాదాపు 14 వేల ఉద్యోగాలు నింపి ఉంచడానికి 52 వేల మందిని చేర్చుకోవలసి వచ్చిందంటే పరిస్థితి ఊహించుకోవచ్చు. 1914 జనవరి 5న ఫోర్డ్ కంపెనీ ఒక ప్రకటన చేసింది. పని 9 గంటల నుంచి 8 గంటలకు తగ్గుతుంది, కూలి 5 డాలర్లకు పెరుగుతుంది. అంటే రెట్టింపు కన్నా ఎక్కువ. గేటు ముందు వేలమంది నిరుద్యోగులు గుమిగూడారు. గడ్డకట్టే చలిలో వాళ్ల మీద నీళ్ల గొట్టాలు తిప్పి చెదరగొట్టారు. ఒకే వార్తలో ఆశ, అవమానం రెండూ ఉన్నాయి.

ఆ 5 డాలర్లు కూడా షరతుల మీదే. అందులో సగం కూలి, సగం లాభంలో వాటా. ఆ వాటా రావాలంటే కంపెనీ మనుషులు ఇంటికి వచ్చి తాగుతున్నాడా, పొదుపు చేస్తున్నాడా, ఇల్లు శుభ్రంగా ఉందా అని చూసి సరేననాలి. మొదట్లో ఆడవాళ్లకు అది వర్తించలేదు. మరోవైపు వలస కార్మికులకు ఇంగ్లీషు నేర్పే బడి 1914లో పెట్టారు. దిక్కులేని, పేద ఇళ్ల పిల్లల కోసం 1916లో వృత్తి పాఠశాల తెరిచి, నేర్చుకునే రోజుల్లోనే వాళ్లకు డబ్బు ఇచ్చారు. ఆ బడి 1952 వరకు నడిచింది.

మన బాబాసాహెబ్ అంబేద్కర్ గారు న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివింది సరిగ్గా ఈ రోజుల్లోనే. 1913లో వెళ్లి 1916 వరకు అక్కడ ఉన్నారు. యంత్రాల వల్ల మనిషికి తీరిక దొరుకుతుందని, ఆ తీరిక వల్లే చదువు, సంస్కృతి సాధ్యమవుతాయని, తప్పు యంత్రానిది కాదు సమాజ నిర్మాణానిదని తర్వాతి కాలంలో ఆయన వాదించారు. ఫోర్డ్ కథ చదువుతుంటే ఆ మాటలోని లోతు తెలుస్తుంది. యంత్రం మంచిదే. అది ఎవరి చేతిలో ఉంది, ఎవరి మాట చెల్లుతోంది అన్నదే ప్రశ్న.

చెరగని మచ్చ

1919లో ఫోర్డ్ ఒక పత్రిక మీద వేసిన పరువు నష్టం కేసు విచారణకు వచ్చింది. ఎదుటి లాయర్లు అతణ్ణి బోనులో నిలబెట్టి చరిత్ర ప్రశ్నలు అడిగారు. అమెరికా స్వాతంత్ర్య పోరాటం ఎప్పుడు జరిగిందో కూడా సరిగా చెప్పలేకపోయాడు. చదువుకున్నవాళ్లు నవ్వారు. పల్లె జనం మాత్రం అతణ్ణి తమవాడిగానే చూశారు. చివరికి కోర్టు ఇప్పించిన పరిహారం 6 సెంట్లు.

చదువు లేని మనిషిని చూసి నవ్వడం మనకు బాధగానే ఉంటుంది. కానీ తెలియనిదాన్ని తెలుసుకోవాలన్న ఓపిక లేకపోతే ఏమవుతుందో ఆ మరుసటి ఏడాదే బయటపడింది. ఫోర్డ్ తన సొంత పత్రికలో 1920 మే నుంచి యూదుల మీద విషం చిమ్మే వ్యాసాలు వారం వారం అచ్చువేయించాడు. లోకంలోని ప్రతి కష్టానికీ వాళ్లే కారణమన్న అబద్ధాన్ని తన కార్లు అమ్మే డీలర్ల ద్వారా ఊరూరా పంచాడు. అవి పుస్తకాలై జర్మన్ భాషలోకి వెళ్లాయి. హిట్లర్ తన పుస్తకంలో ఫోర్డ్‌ను మెచ్చుకున్నాడు. కేసు పడ్డాక 1927లో ఫోర్డ్ క్షమాపణ ప్రకటించి పత్రిక మూసేశాడు. కానీ 1938లో, 75వ పుట్టినరోజున, నాజీ ప్రభుత్వం ఇచ్చిన పతకాన్ని తీసుకున్నాడు.

పుట్టుకను బట్టి మనిషిని ద్వేషించడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ పుస్తకంలో చూపించనక్కర్లేదు. అందుకే ఈ మచ్చను చిన్న లోపమని దాటిపోలేం. కోటిన్నర బండ్లు ఒక వైపు, ఈ వ్యాసాలు ఒక వైపు పెట్టి తూకం వేయడం కుదరదు. రెండూ అతనివే.

1932 మార్చి

అమెరికా ఆర్థిక మాంద్యంలో ఉంది. 1932 మార్చి 7న పని పోయిన కార్మికులు, వాళ్ల కుటుంబాలు డెట్రాయిట్ నుంచి ఫోర్డ్ రివర్ రూజ్ ఫ్యాక్టరీకి ఊరేగింపుగా నడిచి వెళ్లారు. పోలీసులు, కంపెనీ కాపలాదారులు కాల్పులు జరిపారు. నలుగురు అక్కడికక్కడే పోయారు. అయిదో వ్యక్తి కర్టిస్ విలియమ్స్ కొన్ని నెలల తర్వాత చనిపోయాడు. అతడు నల్లజాతివాడు. మిగతా నలుగురి పక్కన పూడ్చడానికి శ్మశానంవాళ్లు ఒప్పుకోలేదు. చావులో కూడా వేరు చోటే. డెట్రాయిట్‌లో నల్లజాతివారికి వేల సంఖ్యలో ఉద్యోగాలు ఇచ్చింది ఫోర్డ్ కంపెనీయే. కానీ అందులో ఎక్కువమందిని నిప్పుల కొలిమి లాంటి ఫౌండ్రీ పనికే తోశారు.

అదే నెల 31న ఫోర్డ్ కొత్త కారు బయటపెట్టాడు. దాని పేరు ఫోర్డ్ వి8. ఎనిమిది సిలిండర్ల ఇంజన్ అప్పటిదాకా ఖరీదైన బండ్లకే ఉండేది. ముక్కలుగా చేసి కలపడం వల్ల ఖర్చు ఎక్కువయ్యేది. ఇంజన్ దిమ్మ అంతా ఒకే పోతగా పోయాలని 68 ఏళ్ల ఫోర్డ్ పట్టుబట్టి తన ఇంజనీర్ల చేత సాధించాడు. 65 హార్స్ పవర్ బండి 460 డాలర్లకే మొదలైంది. అతని చివరి గొప్ప పని ఇదే. ఆ మార్చి నెలలోనే అతని ఫ్యాక్టరీ ముందు రక్తం పారిందని కూడా గుర్తుంచుకోవాలి.

యూనియన్ అంటే ఫోర్డ్‌కు పడేది కాదు. 1937 మే 26న ఫ్యాక్టరీ గేటు దగ్గర వంతెన మీద యూనియన్ నాయకుడు వాల్టర్ రూథర్‌ను, అతని సహచరులను కంపెనీ మనుషులు చితకబాదారు. ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. చివరికి 1941లో సమ్మె తర్వాత ఫోర్డ్ యూనియన్‌తో ఒప్పందం చేసుకోక తప్పలేదు.

చివరి రోజులు, ఆ తర్వాత

1943లో ఒక్కగానొక్క కొడుకు ఎడ్సెల్ క్యాన్సర్‌తో చనిపోయాడు. ముసలితనంలో ఫోర్డ్ మళ్లీ కంపెనీ పగ్గాలు పట్టుకున్నాడు గానీ శక్తి చాలలేదు. 1945లో మనవడికి అప్పగించాడు. 1947 ఏప్రిల్ 7 రాత్రి, వరదల వల్ల ఇంట్లో కరెంటు పోయి, దీపాల వెలుగులో 83 ఏళ్ల ఫోర్డ్ కన్నుమూశాడు. పక్కన క్లారా ఉంది.

అప్పటికే కాలిఫోర్నియాలో అతనికి తెలియని మనుషులు అతని బండ్లకు రెండో జన్మ ఇస్తున్నారు. వాళ్లు ఎక్కువగా ఇరవై ఏళ్ల చుట్టుపక్కల కుర్రాళ్లు. మెకానిక్కులు, పెట్రోలు బంకుల్లో పనిచేసేవాళ్లు, రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులు. కొత్త కారు కొనే స్తోమత లేదు. పాత ఇనుము కొట్లలో ఫోర్డ్ బండ్లు కొన్ని డాలర్లకే దొరికేవి. మోడల్ టి, మోడల్ ఎ బాడీలు తెచ్చి, వాటిలో వి8 ఇంజన్ దింపి, బరువు తగ్గించడానికి మడ్‌గార్డులు పీకేసి, మ్యూరాక్, ఎల్ మిరాజ్ అనే ఎండిన సరస్సుల చదును నేల మీద వేగం కొలుచుకున్నారు. ఆ పోటీలకు 1937లోనే సంఘం ఏర్పడింది. 1948 జనవరిలో, ఫోర్డ్ పోయిన ఏడాది తిరక్కముందే, హాట్ రాడ్ పేరుతోనే పత్రిక వచ్చింది. 1949లో బానవిల్ ఉప్పు నేలల మీద వేగం పోటీలు మొదలయ్యాయి. మొదట అల్లరి మూకలని తిట్టిన లోకమే తర్వాత వాళ్ల పనితనాన్ని మ్యూజియంలో పెట్టింది. 1932 నాటి ఫోర్డ్ బాడీకి ఎంత గిరాకీ అంటే, ఇప్పటికీ అదే అచ్చున కొత్త రేకుతో చేసి అమ్ముతున్నారు.

ఇదీ ఆ పాత కారు ఆకర్షణ. దాన్ని ఫ్యాక్టరీ పూర్తిచేసి మూత వేయలేదు. కొన్నవాడు తెరిచి చూడవచ్చు, మార్చవచ్చు, తనదిగా చేసుకోవచ్చు. ఇప్పటి బండి బానెట్ ఎత్తితే ప్లాస్టిక్ మూతలు కనిపిస్తాయి. కంప్యూటర్ పెట్టి చూస్తే గానీ జబ్బేమిటో తెలియదు.

మనం నేర్చుకోవలసింది

మిత్రులారా, మన ఇళ్లలో చేతి పని తెలియని ఇల్లు లేదు. చెప్పు కుట్టినవారు, మోటారు బాగుచేసినవారు, ట్రాక్టర్ నడిపినవారు, తాపీ పట్టినవారు మన నాన్నలే. నాట్లు వేసినవారు మన అమ్మలే. డిగ్రీ వచ్చాక ఆ పని పేరు చెప్పడానికి మనలో కొందరం మొహమాటపడుతున్నాం. గడియారం విప్పిన పల్లె పిల్లవాడి చేతి నుంచే లోకం నడక మారిందని ఈ కథ చెబుతోంది. చేతి పనిలో ఉన్న తెలివి పుస్తకంలోని తెలివికి తక్కువ కాదు.

అలాగే రెండో సంగతి కూడా చెబుతోంది. చేతికి ఎంత తెలివి ఉన్నా, తోటి మనిషిని పుట్టుకతో కొలిచే గుడ్డితనం పోవడానికి చదువు కావాలి, ప్రశ్న కావాలి, సంఘం కావాలి. ఫోర్డ్ యంత్రాన్ని అడిగినన్ని ప్రశ్నలు తన మనసును అడగలేదు. మనకు ఈ హాస్టల్‌లో రెండూ నేర్చుకునే అవకాశం దొరికింది. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు నాన్న పనిముట్ల సంచి ఒకసారి తెరిచి, ఏది దేనికో అడిగి తెలుసుకుందాం. మన పుస్తకంలో ఉన్నది వాళ్లకూ చదివి వినిపిద్దాం. చదువుకున్న మొదటి తరంగా మన ఇంటికి మనం చెల్లించగల బాకీ అది.